ఎదురింటి పులిహోర, మా చేతిలో కరపత్రం: గౌరవం తగ్గకుండా విశ్వాసం ఎలా పంచుకోవాలి?

ఒంగోలు_ఇల్లాలు (డిసెంబరు 1, రాత్రి 9.40)

అందరికీ వందనాలు, నమస్కారాలు. అన్ని మతాలవారూ ఉన్న వేదిక కాబట్టే ఇక్కడ అడుగుతున్నాను. మా చర్చి సంఘంవాళ్లను అడిగితే ఏం చెబుతారో నాకు ముందే తెలుసు.

మేము ఒక అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటాం. ఎదురింటి పిన్నిగారితో పదకొండేళ్ల స్నేహం. మా చిన్నవాడు పుట్టినప్పుడు మా అమ్మ రాలేని పరిస్థితి. నెలరోజులు నాకు పథ్యం వండి పెట్టింది పిన్నిగారే. ఆగస్టులో బాబాయిగారు గుండెపోటుతో పోయారు. పిల్లలిద్దరూ దూరదేశాల్లో ఉన్నారు. అప్పటినుంచి ఆవిడ సాయంత్రాలు మా ఇంట్లోనే గడుపుతున్నారు. మొన్న మేము కుటుంబ ప్రార్థనకు చాప పరుస్తుంటే లేచి వెళ్లబోయి, గుమ్మం దగ్గర ఆగి, "మీ దేవుడికి నా సంగతి కూడా ఒక మాట చెప్పమ్మా" అన్నారు.

ఈ నెల మా సంఘంలో ఒక్కో కుటుంబం ఐదు ఇళ్లకు కరపత్రం, బైబిలులోని కొత్త నిబంధన ఇవ్వాలని నిర్ణయించారు. ఎవరెవరికి ఇచ్చామో పేర్లు రాసి అప్పగించాలి. మొదటి పేరు పిన్నిగారిదే రాయమంటున్నారు. "ఇప్పుడు ఆమె మనసు మెత్తబడి ఉంది, ఇదే అదను" అని ఒక సహోదరి అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నా విశ్వాసం నాకు ప్రాణం. నాకు కష్టం వచ్చినప్పుడు నన్ను నిలబెట్టింది క్రీస్తే, ఆ సంగతి పిన్నిగారికి చెప్పాలని ఎంతో ఉంది. కానీ భర్త పోయి నాలుగు నెలలైనా కాని మనిషి దుఃఖంలో అదను వెతుక్కోవడమేమిటి?

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. చవితి ఉండ్రాళ్లు, దసరా పులిహోర ఆవిడ గిన్నెలో తెస్తే "మేము తినకూడదు పిన్నిగారూ" అని పదకొండేళ్లుగా గుమ్మంలోనుంచే తిప్పి పంపుతున్నాను. మా క్రిస్మస్ కేకును ఆవిడ ఒక్క ఏడాది కూడా వద్దనలేదు.

నేను ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా?

గోదావరి_కాపరి (డిసెంబరు 1, రాత్రి 11.05)

చెల్లెమ్మా, ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా పల్లెల్లో సేవ చేస్తున్నవాడిగా చెబుతున్నాను. ఆ కాగితం మీద పిన్నిగారి పేరు రాయవద్దు. నేను కూడా తొలి రోజుల్లో అలాంటి లెక్కలు రాసి పై వారికి పంపినవాడినే. ఏటా సంఖ్య పెరిగేది. ఆ పేర్లలో ఎవరి ఇంట్లో ఏ బాధ ఉందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు ఉండేది కాదు.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం మళ్లీ తీసి చదవండి. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర ఒక సమరయ స్త్రీ. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని కాలం. జీవజలం గురించి చెప్పడానికి ముందు ప్రభువు యేసు ఆమెను తాగడానికి నీళ్లు అడిగాడు. చేదుకోవడానికి తన దగ్గర ఏమీ లేదు. ఆమె ఇస్తేనే దాహం తీరాలి. మాటలు మొదలైంది అక్కడి నుంచే. మన సువార్త పనిలో ఈ నీళ్లు అడగడమన్నదే జారిపోయింది. ఇవ్వడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాం. ఎదుటివారి చేతి నుంచి పుచ్చుకోవాలంటే మాత్రం వెనక్కి తగ్గుతాం.

ప్రసాదం సంగతి సులువైనది కాదు, నాకు తెలుసు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అంటే లేఖలో, ఎనిమిది నుంచి పది అధ్యాయాల వరకు అపొస్తలుడైన పౌలు దీనితోనే పెనుగులాడాడు. పెట్టింది తిను, ఆరా తీయవద్దు అంటాడు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం వారి మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. నేనైతే నైవేద్యం పెట్టినది తినను. కానీ గుమ్మంలో నిలబెట్టి "తినకూడదు" అనడం వేరు, లోపలికి పిలిచి కూర్చోబెట్టి నా మనస్సాక్షి ఏమిటో చెప్పడం వేరు. ఆ రెండో పని మీరు ఇన్నేళ్లలో ఒక్కసారైనా చేశారా?

కృష్ణాతీరం (డిసెంబరు 2, ఉదయం 7.20)

నమస్కారం. నేను హిందువును. ఇలాంటి చర్చల్లోకి సాధారణంగా రాను. కానీ అమ్మా, మీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను.

ఆరేళ్ల క్రితం మా నాన్నగారు ఒక ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఉన్నారు. ఒక మధ్యాహ్నం నేను మందులకోసం కిందకు వెళ్లి వచ్చేసరికి ఎవరో ఇద్దరు ఆయన మంచం పక్కన ఉన్నారు. ఒకరు ఆయన తలమీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థిస్తున్నారు. ఇంకొకరు మా అమ్మతో, విగ్రహాలకు మొక్కినందువల్లే ఈ జబ్బు వచ్చిందని చెబుతున్నారు. నాన్నగారు మాట్లాడలేని స్థితిలో ఉన్నారు. వద్దని చెప్పడానికి ఆయనకు నోరు లేదు. మా అమ్మ ఆ రోజు ఏడ్చిన ఏడుపు జబ్బు గురించి కాదు. అరవై ఏళ్లు తాను చేసిన పూజే భర్తను చంపుతోందా అని ఏడ్చింది.

అదే వార్డులో రాత్రి పూట ఒక క్రైస్తవ నర్సు ఉండేది. మెడలో చిన్న సిలువ. ఆ అమ్మాయి నాన్నగారి పక్క సర్దుతూ, "అంకుల్‌కు ఇష్టమైనది ఏదైనా చెవి దగ్గర వినిపించమంటారా?" అని అడిగింది. విష్ణు సహస్రనామం అని చెప్పాం. తన ఫోనులోనే వెతికి, సన్నగా పెట్టి, దిండు పక్కన ఉంచింది. నాన్నగారు పోయాక మా అమ్మ ఆమె చేతులు పట్టుకుని, "మీ దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ" అంది.

క్రీస్తు గురించి మా ఇంట్లో ఇప్పటికీ గౌరవంగా మాట్లాడుకుంటామంటే ఆ అమ్మాయి వల్లే. ఆమె మాకు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు.

యువ_సువార్తికుడు (డిసెంబరు 2, ఉదయం 10.15)

కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారి విషయంలో జరిగిన దానికి ఒక క్రైస్తవుడిగా క్షమాపణ చెబుతున్నాను. అది సువార్త కాదు, క్రూరత్వం.

అయినా ఈ చర్చ ఒకవైపే ఒరిగిపోకూడదు. అక్కా, మీకు క్రీస్తు ప్రాణం అన్నారు. ప్రాణంలాంటిదాన్ని పదకొండేళ్ల స్నేహితురాలి దగ్గర దాచిపెడితే దానికి గౌరవం అని పేరు పెట్టవచ్చా? రోమా పత్రిక పదో అధ్యాయంలో పౌలు అడుగుతాడు: "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" మంచి పనులు మాత్రమే చేసి నోరు కట్టేసుకుంటే, ఎదుటివారు మన మంచితనాన్ని చూస్తారు తప్ప దాని వెనుక ఉన్న ఆయనను ఎలా తెలుసుకుంటారు?

పైగా పిన్నిగారే అడిగారు. "మీ దేవుడికి చెప్పమ్మా" అన్నారు. ఆవిడే తలుపు తీస్తే, సున్నితత్వం పేరుతో మనం దాన్ని మూసెయ్యడం కూడా అన్యాయమే.

గుండ్లకమ్మ_మనుమరాలు (డిసెంబరు 2, సాయంత్రం 6.30)

ఒంగోలు పేరు చూసి ఆగాను. మా ముత్తాతలు బాప్తిస్మం తీసుకున్నది ఆ ప్రాంతంలోనే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడని అందరూ చెబుతారు. యెర్రగుంట్ల పేరయ్య గారి గురించి చెప్పేవారు తక్కువ. ఆయన మాదిగ. తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు. ఊరూరా తిరిగిన మనిషి. క్రీస్తు మాట వినకముందే రాజయోగ మార్గంలో ఉపదేశం పొంది, దేవుణ్ణి వెతుకుతున్నవాడు. ఆ దాహంతోనే వచ్చి, 1866లో బాప్తిస్మం తీసుకుని, తిరిగి తన వాళ్ల దగ్గరకు వెళ్లాడు. ఆ పల్లెల్లో విశ్వాసం పాకింది దొర ప్రసంగాలతో కంటే ఎక్కువగా బంధువుల ఇళ్లలో, తోలు పని చేసుకుంటూ, పొద్దుపోయాక కూర్చుని చెప్పుకున్న మాటలతో. అందులో ఒక సంస్కృతి నుంచి ఇంకో సంస్కృతికి దాటిన ఘట్టం చిన్నది. మనవాడు మన భాషలో మనకు చెప్పినది పెద్దది.

ఇప్పుడు అసలు సంగతి. 1876 నుంచి 1878 వరకు మహా కరువు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ పని దగ్గర సాయంత్రాలు బోధ జరిగేది. మమ్మల్ని కలుపుకోండని జనం అడిగారు. అయినా దాదాపు పదిహేను నెలలపాటు ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలికి వచ్చారో, నమ్మి వచ్చారో తేలాలని ఆగాడు. కరువు సాయం ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను అందరూ గొప్పగా చెబుతారు. నాకైతే ఆ ఆగిన పదిహేను నెలలే గొప్పవి.

అక్కా, మీ సంఘంలో "మనసు మెత్తబడి ఉంది, ఇదే అదను" అన్న సహోదరికి ఈ కథ చెప్పండి. ఆకలి ఎలాంటిదో దుఃఖమూ అలాంటిదే. ఆ సమయంలో పుట్టిన నమ్మకం నిజమైనదే కావచ్చు. కానీ అది నిజమని ఆ మనిషికే తెలిసేంత సమయం ఇవ్వడం ఆ మనిషి పట్ల మర్యాద.

ఇక రెండోవైపు కూడా వినాలి. "గౌరవంగా ఉండండి" అని మాకు చెప్పేవారిలో కొందరి తాతల కాలంలో మా తాతలు ఊరి బావిలో నీళ్లు చేదుకోలేకపోయారు. దోసిలి పట్టి నిలబడితే ఎవరో పైనుంచి పోయాలి. అయ్యగారు చెప్పిన సమరయ స్త్రీ కథ మా పల్లెలో ఎవరికీ వివరించనవసరం లేదు. అలాంటివారి దగ్గర దేవుడు నీళ్లు అడిగి పుచ్చుకున్నాడని విన్నప్పుడు మా వాళ్ల గుండెల్లో ఏం కదిలిందో ఊహించండి. బియ్యానికి అమ్ముడుపోయారని మమ్మల్ని ఇప్పటికీ అంటారు. ఆ మాట మా పెద్దల బుద్ధిని, ఆత్మను ఒక్క దెబ్బతో కొట్టిపారేయడమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. అంటే బాప్తిస్మం వల్ల మా వాళ్లు పోగొట్టుకున్నదే ఎక్కువ. గౌరవం గురించి మాట్లాడేటప్పుడు, ఒక మనిషి ఆలోచించి తన దారి మార్చుకోగలడని నమ్మడం కూడా అందులో భాగమేనని నా మనవి.

కృష్ణాతీరం (డిసెంబరు 2, రాత్రి 8.10)

గుండ్లకమ్మ గారూ, మీరు చెప్పిన బావి సంగతి మా ఊరికీ వర్తిస్తుంది. మా తాతగారి ఇంటి బావి దగ్గరే అలా జరిగేదని మా నాయనమ్మ చెప్పగా విన్నాను. అమ్ముడుపోయారన్న మాట నేనూ ఒకప్పుడు అన్నాను. ఇక అనను.

తెలుగు_మాస్టారు (డిసెంబరు 3, ఉదయం 6.50)

నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడిని, లూథరన్ సంఘ సభ్యుడిని. ఒక్క మాట గురించి రాస్తాను.

మన ప్రసంగాల్లో "అన్యులు" అనే మాట ఎంత ధారాళంగా వస్తుందో గమనించండి. "అన్యుల పండుగ", "అన్యుల ఇల్లు", "అన్యుల పెళ్లి". తెలుగు బైబిలులో "అన్యజనులు" అని ఉన్నచోట గ్రీకు మూలంలో చాలావరకు ఉన్నది జనములు, జాతులు అని అర్థమిచ్చే మాట. యూదులు కానివారు అని చెప్పడానికి వాడినది. ఆ లెక్కన మనమందరమూ, ఒంగోలు నుంచి ఏలూరు దాకా, అన్యజనులమే. మన తెలుగులో "అన్యుడు" అంటే పరాయివాడు. ఎదురింటి పిన్నిగారు నెలరోజులు పథ్యం వండిపెట్టాక ఆమెను పరాయిది అనడానికి నోరు ఎలా వస్తుంది? మా మనుమడు బడిలో తన స్నేహితుణ్ణి "వాడు అన్యుడు తాతయ్యా" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట మానేశాం.

మన పూర్వులు తెలుగును ఎలా వాడారో చూడండి. పురుషోత్తమ చౌదరి గారు 1833లో బాప్తిస్మం తీసుకున్న బ్రాహ్మణ పండితుడు. ఆయన కీర్తనలు నేటికీ ఆదివారం పాడుకుంటున్నాం. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. తన సంగీతాన్ని, తన ఛందస్సును ఇంటి బయట వదిలి ఆయన లోపలికి రాలేదు. పౌలు కూడా ఏథెన్సులో వాళ్ల బలిపీఠం మీద రాసి ఉన్నదానితో మొదలుపెట్టి, వాళ్ల కవుల మాటనే ఎత్తి చెప్పాడు. అంతకుముందు ఊరంతా నడిచి చూశాడు. చూడకుండా ప్రసంగం మొదలుపెట్టలేదు.

కడప_నివాసి (డిసెంబరు 3, మధ్యాహ్నం 1.30)

నేను ముస్లింను. మా ఊళ్లో ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వెళ్లడం, పెద్ద దర్గాకు హిందువులు రావడం చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఎవరి రొట్టె ఎవరు తీసుకుంటున్నారో మతం అడిగేవారు ఉండరు. ఇది అందరికీ నచ్చదు. మా వాళ్లలోనూ ఇలాంటివి తప్పు అనేవారు ఉన్నారు.

మాకూ విశ్వాసాన్ని ఇతరులకు తెలియజేసే బాధ్యత ఉంది. అందుకే యువ సువార్తికుడి బాధ నాకు అర్థమవుతుంది. నా అనుభవం ఒకటి చెబుతాను. కాలేజీ రోజుల్లో ఒక క్రైస్తవ మిత్రుడు, నేను ఏడాదిపాటు వాదించుకున్నాం. నేను బైబిల్లో తప్పులు వెతికాను, వాడు ఖురాన్‌లో వెతికాడు. ఇద్దరమూ రెండు గ్రంథాలూ బాగానే చదివాం కానీ, ఒక్క పేజీ కూడా మనసుతో చదవలేదు. చివరికి వాడి చెల్లెలు జబ్బుపడినప్పుడు రక్తం ఇవ్వడానికి వెళ్లాను. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద వాడు మొదటిసారి, వాదనగా కాకుండా, తాను యేసును ఎందుకు ప్రేమిస్తాడో చెప్పాడు. నేను నమాజు నాకు ఏమిస్తుందో చెప్పాను. ఇద్దరిలో ఎవరమూ మారలేదు. కానీ ఖురాన్‌లో యేసు తల్లి మర్యమ్ పేరు మీద ఒక అధ్యాయమే ఉందని, ఈసా, అంటే యేసు, మాకూ గౌరవనీయుడని వాడు అప్పుడు విన్నాడు. అంతకుముందు ఆ సంగతి నేను వాడికి పదిసార్లు చెప్పి ఉంటాను.

గోదావరి_కాపరి (డిసెంబరు 3, రాత్రి 10.00)

కడప సోదరుడు చెప్పింది చదివితే స్టాన్లీ జోన్స్ గుర్తొచ్చాడు. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ. చదువుకున్న హిందువులను, ముస్లింలను, క్రైస్తవులను చుట్టూ కూర్చోబెట్టి ఒకే నియమం పెట్టేవాడు: ఎవరూ ఎవరి మతాన్నీ విమర్శించకూడదు, వాదించకూడదు. నీ విశ్వాసం నీ బతుకులో నీకేమి చేసిందో అది మాత్రమే చెప్పాలి. ఆ నియమం వింటే తేలిక అనిపిస్తుంది. మా యువజన కూటమిలో పెట్టి చూశాను. సిద్ధాంతం గంటసేపు చెప్పగలిగినవాళ్లు తమ బతుకు గురించి అడిగేసరికి మూడు నిమిషాలు కూడా మాట్లాడలేకపోయారు. ఆ రోజు ఇంటికెళ్లి నాకు నేనే అదే ప్రశ్న వేసుకున్నాను.

ఇంకొక పేరు అజరయ్య గారిది. 1912లో దోర్నకల్లు బిషప్పు అయిన తమిళుడు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన తెల్ల మిషనరీల ముందు నిలబడి, మీరు పేదలకోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. నూట పదేళ్లు దాటింది. మా పల్లెల్లో మేము దాతలమయ్యాం, బోధకులమయ్యాం. స్నేహితులం అయ్యామా? దోర్నకల్లులో ఆయన కట్టించిన దేవాలయం చూడండి, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు రెండూ కనిపిస్తాయి. ఈ నేల మీద ఉన్న పనితనమంతా దేవుడి ఇంటికి పనికొస్తుందని ఆయన నమ్మకం.

న్యాయవాది_గుంటూరు (డిసెంబరు 4, ఉదయం 9.15)

చట్టం సంగతి ఎవరూ అడగలేదు కానీ తెలిసి ఉండటం మంచిది. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును అందరికీ ఇస్తుంది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం దానికి హద్దులు. "ప్రచారం" అన్న మాట ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో వాదన జరిగింది. ఉండాలని సమర్థించినవారిలో కె.ఎం.మున్షీ, టి.టి.కృష్ణమాచారి ఉన్నారు. ఇద్దరూ క్రైస్తవులు కారు. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే తన మత సూత్రాలను వివరించే హక్కే తప్ప ఇంకొకరిని మార్చే హక్కు కాదని చెప్పింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ప్రకటించిన ఆరాధనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధించింది. తిరుమల కొండ మీద కరపత్రాలు పంచేవారు ఇది తెలుసుకోవాలి.

ఒంగోలు చెల్లికి ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. 2011 జూన్‌లో వాటికన్, ప్రపంచ చర్చిల మండలి, ప్రపంచ ఎవాంజెలికల్ కూటమి మూడూ కలిసి బహుమతాల లోకంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం విడుదల చేశాయి. ఇన్ని విషయాల్లో విభేదించే ఈ మూడూ అందులో ఒక్కటయ్యాయి: ఆశ చూపడం, ఎదుటివారి బలహీన పరిస్థితిని వాడుకోవడం తప్పు, మతం మారాలనుకునే మనిషికి ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఉండాలి. మీ సంఘ పెద్దలకు చూపించండి.

కువైట్_నుంచి (డిసెంబరు 4, రాత్రి 11.50)

నాది రాజంపేట దగ్గర పల్లె. ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. ఇంటి పెద్దావిడను చూసుకోవడం నా పని. ఇక్కడ ముస్లింలకు మన మతం చెప్పకూడదు. చెప్పాలని నేను ప్రయత్నించనూ లేదు. రంజాను నెలలో ఆవిడ ఎదుట పగలు మంచినీళ్లు కూడా తాగను. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు ఖర్జూరాల పళ్లెం ముందు నా వైపు జరుపుతుంది.

మూడో ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో నేను మాంసం మానేశాను. ఎందుకని అడిగింది. యేసు నలభై రోజులు అడవిలో ఉపవాసం ఉన్నాడని, ఆయన బాధను తలచుకుంటున్నానని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. నలభై రోజులూ నాకోసం పప్పు, కూరగాయలు విడిగా తెప్పించింది. శుక్రవారం తెలుగు ఆరాధనకు వెళ్లివస్తే, ఏం పాడారో పాడమంటుంది. భాష తెలియదు, కళ్లు మూసుకుని వింటుంది. నా మోకాలి నొప్పికి ఆవిడ దువా చేస్తుంది, ఆవిడ చక్కెర జబ్బుకు నేను ప్రార్థన చేస్తాను. ఆరేళ్లలో నా విశ్వాసం గురించి నేను చెప్పినది ఇంతే. అన్నీ ఆవిడ అడిగితేనే చెప్పాను.

యువ_సువార్తికుడు (డిసెంబరు 5, ఉదయం 8.00)

మూడు రోజులుగా అందరివీ చదువుతున్నాను. చెప్పకుండా ఉండటమే గౌరవమన్న మాటకు ఇప్పటికీ ఒప్పుకోను. కువైట్ అక్క కూడా చెప్పింది కదా, అడిగినప్పుడు దాచలేదు. కానీ నా ఆలోచనలో ఒకటి మారింది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలోని వచనం నాకు కంఠస్థం: మనలో ఉన్న నిరీక్షణ, అంటే ఆశ, గురించి అడిగే ప్రతివానికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలని. ఇన్నాళ్లూ "సిద్ధంగా" అన్న మాటమీదే ప్రసంగించాను. "అడిగే" అన్న మాట, ఆ వెంటనే ఉన్న "సాత్వికముతోను భయముతోను" అన్న మాటలు నోటితో చదివి దాటిపోయాను. నా సంచిలో రెండువందల కరపత్రాలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇతర దేవతలను ఎగతాళి చేసేది. అవి పక్కన పెట్టేశాను.

గుండ్లకమ్మ అక్కా, మీ ప్రాంతానికి ఒకసారి వచ్చి, పేరయ్య గారి గురించి పెద్దవాళ్లు చెప్పుకునేవి వినాలని ఉంది.

గుండ్లకమ్మ_మనుమరాలు (డిసెంబరు 5, ఉదయం 8.40)

రా తమ్ముడూ. మా మేనత్తకు ఎనభై ఏడేళ్లు. ఆవిడ చెబితే వినాలి. కరపత్రాలు లేకుండా రా.

కృష్ణాతీరం (డిసెంబరు 5, మధ్యాహ్నం 12.25)

ఒంగోలు అమ్మా, ప్రసాదం గురించి ఒక చిన్న సూచన. కొందరు క్రైస్తవ మిత్రులు "పూజకు ముందే మాకు కొంచెం తీసిపెట్టండి" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. కానీ మా ఇళ్లలో నైవేద్యం అయ్యేవరకు ఉప్పు చూడటానికి కూడా నాలుక మీద వేయరు. దేవుడికి పెట్టకముందు వేరే గిన్నెలోకి తీయమంటే పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. మీ పిన్నిగారి అలవాటు ఏమిటో ఆవిడనే అడగండి. మా మనస్సాక్షి కూడా ఒకటి ఉందని మీరు గుర్తించారని ఆ అడగడంలోనే తెలుస్తుంది.

ఒంగోలు_ఇల్లాలు (డిసెంబరు 14, రాత్రి 10.20)

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. మీ మాటలన్నీ రెండుసార్లు చదివాను. కొన్ని మావారికి చదివి వినిపించాను.

కాగితంలో పిన్నిగారి పేరు రాయలేదు. ఐదు ఖాళీలూ అలాగే ఉంచి, మా పాస్టరుగారికి ఇచ్చి కారణం చెప్పాను. క్లౌ దొర ఆగిన పదిహేను నెలల సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "వచ్చే బుధవారం కూటంలో ఇది నువ్వే చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. ఆ సహోదరికి కోపం వచ్చింది. ఇంకా మాట్లాడటం లేదు. ఆమె ఇంటికి కూడా నేనే వెళ్లాలి.

పిన్నిగారి దగ్గరకు శనివారం వెళ్లాను. ప్రార్థన చేయమన్నారు కదా, ఏమని చేయమంటారు అని అడిగాను. నేను అనుకున్నది శాంతి అనో, ధైర్యం అనో అంటారని. ఆవిడ అన్నది వేరు. "మీ బాబాయి చివరిరోజు పొద్దున నామీద కోపంతో కాఫీ తాగకుండా వెళ్లారమ్మా. ఆ కోపం తీరిందో లేదో తెలియడం లేదు. అది తీరాలని చెప్పు" అన్నారు. నాలుగు నెలలుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదట. అక్కడే, వాళ్ల పూజ గది గుమ్మం బయట చాప మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ ఒక్క సంగతే దేవుడికి చెప్పాను. చివర్లో యేసు నామంలో అని అన్నాను. అలా అంటానని ముందే చెప్పి, సరేనా అని అడిగే మొదలుపెట్టాను. ఆవిడ "నీ దేవుడి పేరు నువ్వు చెప్పకపోతే ఎలా" అన్నారు.

తరువాత ప్రసాదం సంగతి ఎత్తాను. పదకొండేళ్లుగా గుమ్మంలోనుంచి పంపించినందుకు క్షమించమన్నాను. నా మనస్సాక్షి ఏమిటో, అది మీ దేవుడి మీద అగౌరవం ఎందుకు కాదో నాకు వచ్చినట్టు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఈ మాట ముందే చెబితే ఏమయ్యేది? నా వంట నచ్చలేదేమోనని అనుకున్నాను" అన్నారు. తీసిపెట్టడం కుదరదట, కృష్ణాతీరం గారు చెప్పినట్టే.

నిన్న మధ్యాహ్నం తలుపు కొట్టారు. చేతిలో స్టీలు గిన్నె. "పూజా లేదు, పండుగా లేదు. నీకోసమే కలిపాను" అన్నారు. పులిహోర ఇంకా వేడిగా ఉంది. లోపలికి పిలిచి రెండు పళ్లాలు తీశాను.